వంట లింగయ్యను చంపింది నేనే

చాలా ఏళ్ళుగా నాలో ఒక అంకె ఉండిపోయింది. నేను కళ్ళారా చూసిన అంకె. బయటికి చెప్పింది మాత్రం వేరే అంకె. ఆ రెండింటి మధ్య తేడాను మోసుకుంటూనే ఉద్యోగం చేశాను, పెళ్ళి చేసుకున్నాను, పిల్లల్ని పెంచుతున్నాను. పైకి ఏమీ కనిపించదు. ఎవరైనా యాదగిరి పేరెత్తి నవ్వినప్పుడు మాత్రం ఆ తేడా బరువు తెలుస్తుంది. అయినా నేనూ నవ్వుతాను. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

మీరెవరో నాకు తెలీదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. ఇది ఒక ఆట గురించి. ఆటలో చెప్పిన అబద్ధానికి ఇంత గోలా అని మీకు అనిపిస్తుంది. నాకూ అలా అనిపిస్తే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. పేర్లు మార్చాను. ఒక్క లింగయ్య పేరు మాత్రం మార్చలేదు. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు పరీక్షల కోచింగ్‌కి వెళ్ళేదాన్ని. ఇంట్లో బయల్దేరేటప్పుడు ఆ రోజు క్లాసు ఉందో లేదో ఎవరికీ తెలిసేది కాదు. ఎల్బీ నగర్ చౌరస్తాలో రాస్తారోకో అంటే ఇక బస్సుల్లేవు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండేవాళ్ళు, పాటలు పాడేవాళ్ళు, ఒక్కోసారి టైర్లు తగలబడేవి. కోచింగ్‌వాళ్ళు షట్టర్ సగం దించి మమ్మల్ని పంపేసేవాళ్ళు. అంత దూరం వెనక్కి నడిచే బదులు మేం నలుగురం కొత్తపేటలో కిరణ్ వాళ్ళ మేడమీది గదిలో చేరేవాళ్ళం.

కిరణ్ వాళ్ళది భీమవరం వైపు, మాదీ ఆంధ్రానే. వాళ్ళన్న బెంగుళూరు నుంచి వస్తూ ఒక లావుపాటి ఇంగ్లిషు పుస్తకం, రకరకాల పాచికలు తెచ్చాడు. ఆట సులువే. ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషి అవుతారు. "నేను గోడ దూకుతాను" అంటే చాలదు, ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. పెద్ద అంకె పడితే దూకినట్టు, చిన్న అంకె పడితే నడుం విరిగినట్టు. ఇరవై పడితే ఇక తిరుగులేదు. ఒకటి పడితే అంతకన్నా దరిద్రం లేదు. ఇంతకు మించి మీరేమీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

కథ చెప్పేది కిరణ్. నేను విల్లు పట్టిన యోధురాలిని. స్వప్న తాళాలు విప్పే దొంగ. స్వప్నది సైదాబాద్, తాతల నాటి నుంచి సిటీలోనే. మా ఆంధ్రా తెలంగాణ వాదనలన్నీ విని, మీరు ముగ్గురూ బయటోళ్ళే, ఊరు మాది, కిరాయి కట్టండి అని మమ్మల్నీ యాదగిరినీ కలిపి వెక్కిరించేది.

ఇక యాదగిరి. నల్గొండ పక్క పల్లె వాళ్ళది. నాన్న లారీ డ్రైవరు. సరూర్‌నగర్‌లో ఒక్క గదిలో ఇంటిల్లిపాదీ ఉండేవాళ్ళు. కోచింగ్‌లో పాఠం అంతా ఇంగ్లిషులో సాగేది కాబట్టి అక్కడ నోరు విప్పేవాడు కాదు, వెనక బెంచీలో తలవంచుకుని కూర్చునేవాడు. మేడ మెట్లెక్కితే మాత్రం అతన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. పుస్తకంలో ఉన్న వీరులు, మంత్రగాళ్ళ గురించి కిరణ్ చెప్పుకుపోతుంటే అంతా ఓపిగ్గా విని, తాను వంటవాణ్ణి అవుతానన్నాడు. పేరు వంట లింగయ్య. ఆయుధం గంటె.

అక్కడ మొదలయ్యాయి మా రూల్సు తగాదాలు. పుస్తకంలో గంటె లేదు, కుదరదు అని కిరణ్. పుస్తకం రాసినోడు అన్నం తినడా అని యాదగిరి. గంటె కత్తి కింద లెక్కా, గద కింద లెక్కా అని నేను. ఆ తగువు వారాల తరబడి సాగింది, ఆట మాత్రం ఒక్క అడుగు కదల్లేదు. చివరికి స్వప్న కిందికి వెళ్ళి కిరణ్ వాళ్ళమ్మగారి ఇనప గంటె, ఒక సొరకాయ పట్టుకొచ్చింది. యాదగిరి ఒక్క దెబ్బ వేశాడు. సొరకాయ రెండు ముక్కలై ఒక ముక్క పక్కింటి డాబా మీద పడింది. గంటె గదతో సమానమని తీర్మానించాం. మిగిలిన ముక్క ఆ సాయంత్రం పప్పులోకి వెళ్ళింది, ఆవిడ తిట్లు తింటూనే ఆ పప్పూ తిన్నాం.

తర్వాత మేక. కథలో ఒక కూలిపోయే వంతెన వస్తే, మనుషులు ఎక్కే ముందు బరువు చూడ్డానికి సంతలో మేకను కొన్నాం. వంతెన దాటాక దాన్ని అమ్మడానికి ఎవరికీ మనసొప్పలేదు. దానికి సర్పంచ్ అని పేరు పెట్టాం. మనతో తిరుగుతోంది కాబట్టి దానికీ ఓటు ఉండాలని స్వప్న వాదించింది. అప్పట్నుంచి ఏ తగువైనా చెరి సమానంగా తేలితే సర్పంచ్ పేరున పాచిక వేసి తీర్పు చెప్పేవాళ్ళం. పిట్ట పోరు పిల్లి తీర్చిందంటారు. మా పోరు మేక తీర్చేది.

అన్నిట్లోకీ గొప్పది తిన్నవా రూలు. గుహలో ఒక రాక్షసుడు ఎదురైతే నేను బాణం తీశాను. యాదగిరి చెయ్యి అడ్డం పెట్టి, లింగయ్య ముందు పలకరిస్తాడన్నాడు. ఏమని పలకరిస్తాడని కిరణ్ అడిగితే, తిన్నవా అని అడుగుతాడట. అడిగితే ఏమిటని కిరణ్ విసుక్కున్నాడు. యాదగిరి ఆశ్చర్యపోయాడు. తిన్నవా అని అడిగినంక జవాబు చెప్పకుండ కొట్టేటోడు ఎక్కడన్న ఉంటడా, రాక్షసుడైతే మాత్రం వాన్ని తల్లి కనలేదా అని మా మీదికే వచ్చాడు. మేం కడుపు పట్టుకుని నవ్వాం. ఓట్లు చెరి సగం. సర్పంచ్ పాచికలో పద్దెనిమిది పడింది. రూలు పుట్టింది: తిన్నవా అని అడిగితే ఎదుటివాడు ముందు జవాబు చెప్పి తీరాలి, చెప్పాడా, వాడి వంతు పోయినట్టే. ఆ ఒక్క మాటతో లింగయ్య ఎన్ని గండాలు గట్టెక్కించాడో. మంత్రగత్తెలు తిన్నామన్నారు. ఒక భూతం మాత్రం తినలేదంటే ఆగి దానికి వండి పెట్టాడు.

ఇంకొక రూలు చెప్పాలి. నా తప్పంతా దాని మీదే ఉంది. పాచికను స్టీలు కంచంలో వేసేవాళ్ళం. కంచం దాటి కింద పడితే బంద్ అనేవాళ్ళం, అంటే లెక్కలోకి రాదు. స్వప్న దాన్ని తనకు కావలసినట్టు తిప్పేది. కింద పడి పెద్ద అంకె చూపిస్తే కంచానికి తగిలాకే పడింది, లెక్కే అనేది. చిన్న అంకైతే బంద్ బంద్ అని గోల చేసేది. దాంతో యాదగిరి కొత్త రూలు తెచ్చాడు. పాచిక ఎక్కడ పడ్డా లెక్కే. దగ్గరున్న మనిషి సాక్షి. సాక్షి ముందు అంకె పైకి చెప్పి, తర్వాతే పాచిక ముట్టుకోవాలి. సాక్షి మాటను ఎవరూ తిరిగి అడగకూడదు. ఆట అంటే మనిషి మాట మీద నడవాలె అన్నాడు. ఆ రోజు అందరం ఒప్పుకున్నాం. నేను ముందుగా ఒప్పుకున్నాను.

ఉద్యమం మా గదిలోకీ వచ్చేది, నవ్వులాటగా. కథలో ఏ వంటింటి గడప దగ్గరైనా లింగయ్య నా యోధురాల్ని ఆపి, ఆంధ్రా మనిషివి కదా అని వీసా అడిగేవాడు. నేను వాళ్ళ గిట్ల గట్లలను అనుకరించేదాన్ని. మీ గోంగూర మీద పన్నేస్తామని అతనంటే, మా నీళ్ళు లేకుండా అన్నం ఎలా వండుతావో చూస్తామని కిరణ్ అనేవాడు. నిజం చెబుతున్నాను, నెలల తరబడి ఇదంతా మాకు నవ్వే. రోడ్డు మీద అరుపులు వినిపిస్తున్నా కిటికీ మూసి మేక గురించి కొట్టుకునేవాళ్ళం. ఆ గదంత శాంతి ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల ఇంకెక్కడా లేదనుకుంటాను. దాన్ని చెడగొట్టింది రోడ్డు కాదు.

మా నాన్నకు ఎల్బీ నగర్‌లో పచ్చళ్ళ దుకాణం ఉండేది. బోర్డు మీద మా ఊరి పేరు పెద్ద అక్షరాలతో ఉండేది. ఆంధ్రా ఊళ్ళ పేర్లున్న బోర్డులకు నల్లరంగు పూస్తున్నారని ఎవరో చెప్పారు. మా దుకాణానికి ఎవరూ రాలేదు. ఎవరూ బెదిరించలేదు. అయినా ఒక పొద్దున నాన్న తనే స్టూలు వేసుకుని ఎక్కి, మా ఊరి పేరు మీద తెల్లరంగు వేశాడు. నేను కింద స్టూలు పట్టుకుని నిలబడ్డాను. రంగు చుక్కలు నా చేతుల మీద పడ్డాయి. దిగాక ఆయన నా మొహం చూడలేదు, బ్రష్షు కడుక్కుంటూ ఇవాళ క్లాసు లేదా అని అడిగాడు. ఉందని అబద్ధం చెప్పి కొత్తపేట దాకా నడిచాను. దారి పొడుగునా కోపం. ఎవరి మీద? మా బోర్డు జోలికి వచ్చిన మనిషే లేడు. లేని మనిషి మీద కోపం ఎక్కడ దించుకోవాలి? ఉన్న మనిషి మీద దించుకున్నాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే అదే.

ఆ మధ్యాహ్నం కథ ఒక కోట తలుపు దగ్గర ఉంది. తలుపు పైనుంచి కిందికి దిగి మూసుకుపోతోంది. వెనక రాతి మనుషులు తరుముకొస్తున్నారు. రాతి మనుషులకు నోరు లేదు కాబట్టి తిన్నవా రూలు పనిచెయ్యదని కిరణ్ ముందే తేల్చేశాడు. లింగయ్య తలుపు కింద గంటె అడ్డం పెట్టి మమ్మల్నీ మేకనూ బయటికి దాటించాలి. ఒకటి పడితే తలుపు మీద పడి లింగయ్య చచ్చినట్టే. ఆ కోట దాటితే రాజు లింగయ్యకు నాలుగు దారుల కూడలిలో సొంత భోజనశాల ఇస్తానని మాట ఇచ్చాడు. వారాలుగా యాదగిరి ఆ భోజనశాల గురించే చెప్పేవాడు. ఏ పూట ఏం వండుతాడో, గోడకు ఏ రంగు వేయిస్తాడో, సర్పంచ్‌ను ఎక్కడ కట్టేస్తాడో. ఇంట్లో కాళ్ళు చాపుకునే చోటు లేనివాడు, కథలో ఒక్కో గదే కట్టుకుంటూ వచ్చాడు. చచ్చినవాళ్ళు తిరిగి రారన్నది మా ఆటలో గట్టి రూలు. పుస్తకంలో బతికించే దారులున్నాయని కిరణ్ అన్నా, ప్రాణానికి విలువుండాలని పట్టుబట్టి ఆ రూలు పెట్టించింది నేను.

యాదగిరి పాచిక చేతిలోకి తీసుకున్నాడు. వేసే ముందు లింగయ్య గొంతుతో, వీసా ఉన్నోళ్ళే బయటికి పోవాలె అన్నాడు. పాత జోకే. నేను వందసార్లు నవ్విన జోకే. కిరణ్, స్వప్న నవ్వారు. నేను నా చేతి మీద ఎండిన తెల్లరంగు చూసుకున్నాను.

పాచిక కంచం అంచుకు తగిలి ఎగిరి ఇనప మంచం కిందికి పోయింది. దగ్గరున్నది నేను. వంగాను. చీకటేమీ లేదు. కిటికీలోంచి వెలుతురు సరిగ్గా అక్కడే పడుతోంది. పాచిక మీద ఇరవై ఉంది.

"ఒకటి," అన్నాను. అని, పాచిక గుప్పిట్లోకి తీసుకున్నాను.

యాదగిరి నా వైపు చూశాడు. "సరిగ్గ చూసినవా? మంచం కింద చీకటుంటది."

ఇప్పటికీ ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోతాను. దానిలో అనుమానం లేదు. నాకు దారి ఇచ్చాడు. చీకట్లో సరిగ్గా కనిపించలేదు, ఉండు మళ్ళీ చూస్తాను అంటే అయిపోయేది. నా పరువూ మిగిలేది, లింగయ్యా మిగిలేవాడు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నదాన్ని నేను.

"అంటే నేను దొంగనా? మీ దృష్టిలో మా ఆంధ్రావాళ్ళంతా దొంగలేగా," అన్నాను.

"నేను పాచిక గురించి అడిగిన," అన్నాడు. గొంతు పెంచలేదు. "గంతే అడిగిన."

"సాక్షిని తిరిగి అడగకూడదని రూలు పెట్టింది నువ్వే."

అతను కిరణ్ వైపు చూశాడు. కిరణ్ కంచం వైపు చూశాడు. స్వప్న జర ఆగుండ్రి అని ఏదో సర్దబోయింది. యాదగిరి లేచాడు. గడప దగ్గర చెప్పులు వేసుకున్నాడు. మెట్లు దిగుతున్న చప్పుడు చివరిదాకా విన్నాను. పాచిక నా గుప్పిట్లోనే ఉంది.

అప్పుడైనా చెప్పొచ్చు. పరుగెత్తి చెప్పొచ్చు. ఎందుకు కదల్లేదు? నాకు జవాబు తెలుసు, చెప్పడానికి సిగ్గు. నాకు హాయిగా అనిపించింది. పొద్దుట్నుంచీ ఎవరి మీద దించాలో తెలియని బరువు ఒకరి మీద దించేశాను కదా. ఆ హాయి ఇంటికి చేరేలోపే పోయింది. మాట మాత్రం పోలేదు.

కిరణే నాకు సాకు అందించాడు. వాడు ఉద్యమం వేడిలో ఉన్నాడులే, మనతో కూర్చోవడం ఇష్టం లేక పాచిక నెపం పెట్టుకున్నాడన్నాడు. నేను కాదనలేదు. ఆడలేక మద్దెల ఓడన్నదెవరో నాకొక్కదానికే తెలుసు. అవునని కూడా అనలేదని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎంత గొప్ప నిజాయితీ! రాయి వేసింది తామే అయినా, పక్కవాడే వేశాడని నోటితో అనలేదని మురిసిపోయే పిల్లల నిజాయితీ.

మీకు ఇంకొకటి చెప్పలేదు. ఆ గది యాదగిరికి ఆట కోసమే కాదు. క్లాసు అయ్యాక అతను అక్కడే కూర్చుని చదువుకునేవాడు. కిరణ్ వాళ్ళమ్మగారు ఫ్యాను వేసి, టీ పంపించేవారు. సరూర్‌నగర్ గదిలో చెల్లెళ్ళు, తమ్ముడు, టీవీ, బయట నీళ్ళ ట్యాంకరు దగ్గర తగువులు. ఆ రోజు తర్వాత అతను కొత్తపేట వైపు రాలేదు. కొన్ని రోజులకు కోచింగ్‌కీ రాలేదు. ఆ ఏడు నాకూ కిరణ్‌కీ ఉద్యోగాలు వచ్చాయి. అతనికి రాలేదు. ఆ గది ఉంటే వచ్చేదా? తెలీదు. నా వల్లే రాలేదని చెప్పుకుంటే అందులో కూడా ఏదో గొప్ప ఉన్నట్టుంటుంది. నా వల్ల కాదని చెప్పే హక్కు మాత్రం నాకు లేదు.

ఆట ఆ రోజుతోనే ఆగిపోయింది. లింగయ్య లేని కథ చెప్పడం కిరణ్‌కి చేతకాలేదు. జోకులు మాత్రం ఆగలేదు. ఇప్పటికీ మేం ముగ్గురం కలుస్తాం. ఎవరైనా అలిగి లేచిపోతే యాదగిరి చేశాడంటారు. భోజనాల దగ్గర ఎవరైనా సగంలో లేస్తే ఇదిగో యాదగిరి అంటారు. ఈ మధ్య స్వప్న వాళ్ళ ఇంట్లో పిల్లలు పాములూ నిచ్చెనలూ ఆడుతుంటే, కిరణ్ కొడుకు ఓడిపోయి బోర్డు తన్ని వెళ్ళిపోయాడు. కిరణ్ నవ్వుతూ తన భార్యకు కథ చెప్పాడు. మాకొక ఫ్రెండ్ ఉండేవాడు, ఆటలో ఒక్క పాచిక పడలేదని రాష్ట్రం విడగొట్టుకుని పోయాడు అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. స్వప్న కళ్ళు తుడుచుకుంది. కిరణ్ భార్య, అంత ద్వేషమా అమ్మో అంది.

నాకు నషాళానికి అంటింది. ద్వేషమా? ఎవరికి? భూతానికి కూడా వండి పెట్టిన మనిషికా? వీసా అడిగి అడిగి చివరికి మమ్మల్ని బయటికి దాటించడానికి తలుపు కింద నిలబడ్డవాడికా? ఏ కిరణ్ వాళ్ళమ్మ పప్పు గిన్నె ఊడ్చి తిన్నాడో ఆ కిరణ్ నోటి నుంచి ఈ మాటా? ఒక్కసారైనా ఆ మెట్లు దిగి సరూర్‌నగర్ వెళ్ళి ఏమైందిరా అని అడిగాడా? అడగలేదు. ఉద్యమం అన్న మాట చేతికి అందింది, అది చాలింది. ఇంకేమీ ఆలోచించనక్కర్లేకుండా పోయింది. ఒక పెద్ద ఉద్యమం జరుగుతుంటే ఎంతమంది తమ చిన్న చిన్న పాపాలు తెచ్చి దాని గుమ్మంలో పోశారో. అన్యాయం కదా? ఊళ్ళకు ఊళ్ళు దేనికోసమో రోడ్డెక్కితే, మేం మా చెత్త తీసుకెళ్ళి దాన్లో కలిపాం. నిప్పు లేనిదే పొగ రాదంటాడు మా కిరణ్. నిప్పు పెట్టిన చెయ్యి అతని పక్కనే కూర్చుని పకోడీ తింటోంది. ఇన్ని మాటలూ లోపలే అనుకున్నాను. బయటికి మాత్రం నవ్వాను. ఇంత కోపం ఉన్నదాన్ని, వాళ్ళని అనడానికి నోరున్నదాన్ని, ఒక్క అంకె చెప్పలేకపోయాను.

ఆ వారమే సరూర్‌నగర్ వెళ్ళాను. యాదగిరికి చెరువు కట్టకు దగ్గర్లో బ్యాటరీల దుకాణం ఉందని చాలాకాలంగా తెలుసు. ఎన్నోసార్లు ఆటోలో దాని ముందు నుంచి తల తిప్పుకుని వెళ్ళాను. ఈసారి దిగాను. దారంతా ఒకే మాట నెమరు వేసుకున్నాను. అది ఒకటి కాదు, ఇరవై. నేను అబద్ధం చెప్పాను. అంతే చెప్పి వచ్చేయాలి.

అతను ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్ళు పోస్తున్నాడు. జుట్టు పలచబడింది, కళ్ళద్దాలు వచ్చాయి. తలెత్తి చూశాడు. గుర్తుపట్టాడు. నేను నోరు తెరిచాను.

"తిన్నవా?" అన్నాడు.

"తిన్నాను," అన్నాను.

ఆలోచించి చెప్పలేదు. ఎవరైనా అలాగే చెబుతారు. చెప్పాక అతను నా మొహం వైపు ఒక క్షణం అలాగే చూశాడు. తర్వాత మళ్ళీ బ్యాటరీ మీదికి వంగి నీళ్ళు పోయడం మొదలుపెట్టాడు. అప్పుడు అర్థమైంది. జవాబు చెప్పాను. నా వంతు పోయింది.

కావాలని అడిగాడా? మామూలుగా అడిగాడా? వాళ్ళ ఇళ్ళల్లో గడపలోకి వచ్చిన ఎవరినైనా అదే అడుగుతారు, పాత రూలు అతనికి గుర్తుండకపోవచ్చు. కానీ ఆ చూపు? నేను అక్కడ నిలబడే ఉన్నాను. ఇంట్లో ఏ బ్యాటరీ ఉందని అడిగాడు, చెప్పాను. ఎండాకాలం నీళ్ళు చూసుకుంటుండమన్నాడు. సరేనన్నాను. కుర్చీ చూపించాడు, కూర్చోలేదు. వచ్చేశాను.

ఆటోలో నాకు అతని మీద కోపం వచ్చింది, నమ్మండి. తప్పు ఒప్పుకోవడానికి వచ్చినదాని నోరు కట్టేస్తాడా? అంత దూరం వచ్చినందుకు ఒక్క నిమిషం ఇవ్వడా? ఇంటికి వచ్చి బట్టలు మడతపెడుతుంటే ఆ కోపం చల్లారింది. ఇవ్వనక్కర్లేదు. నేను తేలికపడటానికి అతని దుకాణం ఎందుకు? ఒకసారి నా బరువు అతని మీద దించాను. మళ్ళీ దించడానికే కదా వెళ్ళింది?

అందుకే మీ దగ్గరికి వచ్చాను. ఇది కిరణ్ చదవొచ్చు, స్వప్న చదవొచ్చు. లింగయ్య పేరు మార్చనిది అందుకే. వాళ్ళు గుర్తుపట్టాలి. ఇకమీదట అలిగి లేచిపోయినవాణ్ణి ఏ పేరుతో పిలవాలో, అబద్ధం చెప్పి కూర్చున్నదాన్ని ఏ పేరుతో పిలవాలో వాళ్ళకు తెలియాలి.

ఒక రూలు మాత్రం మేం ఎప్పుడూ పెట్టుకోలేదు. సాక్షి తన మాట మార్చుకోవచ్చా? కిరణ్ కుదరదంటాడు, పుస్తకంలో లేదంటాడు. స్వప్న ఓట్లు వేద్దామంటుంది. సర్పంచ్ ఏమంటుందో పాచికకే తెలియాలి. చచ్చినవాళ్ళు తిరిగి రారన్న రూలు నాదే కాబట్టి లింగయ్య ఎలాగూ లేవడు. యాదగిరి ఏమంటాడో అడిగే వంతు నాకు లేదు. అయినా మంచం కింద వంగింది నేను, వెలుతురులో చూసింది నేను. అంకె పైకి చెప్పాల్సింది సాక్షే.

ఇరవై.